ఆరు బకెట్లు

బేకరీ బాబాయికి ఒక జబ్బుంది. ఎవరు ఏ పని చేస్తున్నా అందులో తనూ ఓ చెయ్యి వెయ్యందే తోచదు. భార్య పొయ్యి మీద కూర పెడితే మూత తీసి చూస్తాడు. మంగలి జుట్టు కత్తిరిస్తుంటే కత్తెర ఎటు తిప్పాలో చెబుతాడు. కొట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి ఎలక్ట్రీషియన్ వస్తే, నిచ్చెన పట్టుకునే వంకతో తనే పైకెక్కుతాడు. ముప్ఫై రెండేళ్లుగా పిండి పిసికిన చేతులవి. ఆ చేతులకు తెలియని సంగతి లోకంలో లేదని ఆయన నమ్మకం. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయే గనక, ఆ నమ్మకాన్ని మొహం మీద కాదన్నవాళ్లు లేరు, భార్య తప్ప.

అలాంటి మనిషి ఆ ఏడు కాంక్రీటు పని పెట్టుకున్నాడు. ఒకటి కాదు, రెండు. వాన పడితే స్కూటరు చక్రం దిగబడిపోయే ఇంటి వాకిలికి కాంక్రీటు వేయించడం ఒకటి. బేకరీ వెనక కొత్తగా కట్టిన గదికి నేల పోయించడం రెండోది. ఆ గదిలోకి మూడు అరల ఓవెన్ రావాలి. రెండు టన్నుల బరువు. దాని కోసం ఆయన నాలుగేళ్లుగా కలలు కంటున్నాడు.

ముగ్గురిని పిలిపించి చూశాడు. మొదటివాడు జేబులోంచి టేపు తియ్యకుండానే ఎస్టిమేటు రాసిచ్చాడు. రెండోది పెద్ద కంపెనీ. టై కట్టుకున్నాయన వచ్చి, రంగుల బొమ్మలున్న పుస్తకం తిప్పి చూపించి, ఇంత చిన్న పనికి తమ లారీ రాదని చెప్పి, రెండు బన్నులు తిని వెళ్లిపోయాడు. మూడోవాడు నాలుగు వీధుల అవతల ఉండే మేస్త్రి. పేరుకి కాంట్రాక్టరే గానీ, ఉన్నదల్లా కాంక్రీటు కలిపే మిల్లరు ఒకటి, పాత వ్యాను ఒకటి, ఎనిమిది మంది పనివాళ్లు. వ్యాను వెనక ‘ఇళ్లకు, షాపులకు అన్ని రకాల కాంక్రీటు పనులు చేయబడును’ అని రాసి ఉంటుంది.

మేస్త్రి గదంతా తిరిగి, మడమతో నేలని అక్కడక్కడా తొక్కి చూశాడు.

“ఓవెన్ కాళ్లు ఎక్కడొస్తాయి బాబాయ్?”

“అదిగో, కిటికీ పక్క మూలలో.”

మేస్త్రి గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. “ఆరంగుళాల మందం పోద్దాం. లోపల ఇనుము కడదాం. పోశాక నెల్లాళ్ల దాకా బరువు పెట్టకూడదు.”

“ఇరవై రోజులు చాలవా?”

“రొట్టె సగం కాలగానే బయటికి తీస్తారా మీరు?”

ఆ మాటకి బాబాయి పడిపోయాడు. పని అక్కడికక్కడే ఒప్పజెప్పేశాడు.

కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే మనుషులు దిగారు. సగం మంది ఇంటి వాకిలి దగ్గరికి, సగం మంది బేకరీకి. గది వెనక ఇరుకు పెరట్లో మిల్లరు పెట్టారు. దాని దగ్గర నిలబడ్డది మేస్త్రి బావమరిది. నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా మిల్లరు తప్ప వేరే పని చెయ్యలేదు. అందరూ అతన్ని లీటరు అంటారు. అతని దగ్గరో రేకు డబ్బా ఉంది, దాని లోపల చుట్టూ ఎర్ర రంగుతో గీత. ప్రతిసారీ డబ్బాని దిమ్మె మీద పెట్టి, మోకాళ్లు వంచి, ఒక కన్ను మూసి, నీళ్లు గీతకి తగిలాయో లేదో చూసుకుని గానీ డ్రమ్ములో పొయ్యడు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతాడు, చూడ్డం మాత్రం మానడు.

మేస్త్రి ఆ డబ్బా చూపించి మరీ చెప్పాడు. “ఇసుక ఎవరు మోసినా, కంకర ఎవరు మోసినా నాకు ఫరవాలేదు బాబాయ్. నీళ్లు పోసేది మాత్రం వీడొక్కడే. వీడు తప్ప ఆ డ్రమ్ములో చుక్క పోసే హక్కు నాక్కూడా లేదు. అది మా పద్ధతి.”

బాబాయి తలూపాడు. లోపల మాత్రం నవ్వుకున్నాడు. ముప్ఫై రెండేళ్లు పిండిలో నీళ్లు కలిపినవాడికి నీళ్ల గురించి పాఠం!

పదకొండు గంటలకు మేస్త్రి ఇంటి దగ్గర పని చూసొస్తానని వెళ్లాడు. గది మూడొంతులు నిండింది, ఇక కిటికీ పక్క మూల మిగిలింది. బాబాయి డ్రమ్ము మూతి దగ్గరికి వెళ్లి చూశాడు. లోపల తిరుగుతున్నది ఆయన కంటికి ఆనలేదు. తోపుడుబండిలోంచి పిడికెడు తీసుకుని నొక్కాడు. బిరుసుగా ఉంది. పిండి ఇలా ఉంటే రొట్టె పెళుసుగా వస్తుంది, నోట్లో పెట్టుకోకముందే పొడిపొడిగా రాలిపోతుంది. దీనికి ఇంకాస్త నీళ్లు పడాలని ఆ చేతులు తీర్పు చెప్పేశాయి.

సిమెంటు బస్తాలు కొట్టు ముందు అరుగు మీద ఉన్నాయి. డ్రమ్ములో ఒక బస్తాకి సరిపడా కాంక్రీటు, అంటే ఒక ట్రిప్పు, తిరుగుతున్నంతసేపట్లో లీటరు పక్కసందులోంచి వెళ్లి, తర్వాతి బస్తా తనే భుజాన వేసుకుని వచ్చేవాడు. బస్తా చెమ్మగిల్లిందేమో, గడ్డకట్టిందేమో తను చూసుకుంటే గానీ అతనికి నిద్రపట్టదు. మిగతావాళ్లు లోపల పరుస్తుండగా, అతను సందు మలుపు తిరగ్గానే బాబాయి, ట్రేలు కడిగే కుళాయి కింద నిండి ఉన్న బకెట్టు ఎత్తి డ్రమ్ములో పోశాడు.

కాంక్రీటు రంగే మారిపోయింది. నున్నగా, నిగనిగలాడుతూ, కేకు పిండిలా జారింది. లోపల పరిచేవాళ్లు “ఇదిరా కలపడమంటే, పార పెట్టే పనే లేదు” అని అరిచారు. బాబాయికి ఎవరో దండ వేసినంత సంతోషమైంది. తర్వాతి ట్రిప్పుకీ ఒక బకెట్టు పోశాడు. ఆ తర్వాతి దానికీ పోశాడు.

నాలుగోసారి లీటరు డ్రమ్ములోకి తొంగిచూసి ఆగిపోయాడు. “ఏంటో పల్చబడుతోంది బాబాయ్. మొన్న వాన పడింది కదా, ఇసుకలో తడి ఎక్కువున్నట్టుంది.”

“అయ్యుండొచ్చు” అన్నాడు బాబాయి.

అప్పట్నుంచి లీటరు డబ్బాలో నీళ్లు గీతకి రెండు వేళ్లు తక్కువ పోశాడు. బాబాయి మళ్లీ బిరుసెక్కుతుందేమోనని బకెట్టు నిండుగా పోశాడు. ఆరో బకెట్టు పోసి దించేసరికి వీధి చివర వ్యాను హారన్ వినిపించింది. మేస్త్రి లోపలికి వచ్చేటప్పటికి మూల కూడా నిండిపోయి, పైన చెక్కతో చదును చేస్తున్నారు. అద్దంలా ఉంది. బాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసి మురిసిపోయాడు.

నెల్లాళ్లూ మేస్త్రి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, నేల మీద పరిచిన గోనెసంచులు తడిగా ఉన్నాయో లేదో చూసి వెళ్లాడు. నెల నిండాక ఓవెన్ వచ్చింది. పన్నెండు మంది కలిసి దాన్ని మూలకి చేర్చారు. నాలుగు రోజులు రాజ్యమేలింది. ఐదో రోజు దాని కుడికాలు కింద జుట్టుపోగంత బీట కనిపించింది. వారం తిరిగేసరికి మూలంతా సాలెగూడులా పగిలింది, కాలు వేలెడు దిగింది, ఓవెన్ తలుపు పట్టడం మానేసింది. నేల మీద చీపురు వేసిన ప్రతిసారీ బూడిదరంగు దుమ్ము లేచి బన్నుల ట్రేల మీద వాలింది.

బాబాయి ఒంటికాలి మీద లేచాడు. మేస్త్రిని కబురంపి పిలిపించి, కొట్లో కొనడానికొచ్చినవాళ్లు అరడజను మంది ఉండగానే అందుకున్నాడు.

“సిమెంటంతా ఎవడింట్లో పోశావు మేస్త్రీ? ఇది నేలా, ముగ్గుపిండా? నాలుగు వీధుల అవతలివాడివి, మనవాడివి కదా అని నమ్మి పిలిస్తే నా నోట్లో దుమ్ము కొడతావా?”

మేస్త్రి, వెంట తెచ్చుకున్న బావమరిదితో సహా వెనక గదిలోకి నడిచాడు. మూలలో మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి మేకు తీసి నేల మీద గీశాడు. తెల్లటి పొడి లేచింది. నాలుగు అంగలు ఇవతలికి వేసి మళ్లీ గీశాడు. అక్కడ మేకు జారిపోయింది గానీ గీత పడలేదు. చేతులు దులుపుకుని లేచాడు.

“సిమెంటు తక్కువై కాదు బాబాయ్. నీళ్లెక్కువయ్యాయి. ఈ ఎనిమిదడుగుల మూలకే.”

బాబాయి నోటి దాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణం దాకా ఆయనకి ఆ బకెట్ల సంగతి గుర్తే లేదు. గుర్తొచ్చాక మాత్రం ఒక్కొక్కటీ వరసగా కళ్ల ముందు నిలబడింది.

మేస్త్రి ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఎందుకు చూస్తాడు? నీళ్లు పోసేది ఒక్కడే అన్నది అతని పద్ధతి. తలతిప్పి, గుమ్మంలో నిలబడ్డ బావమరిది వంక చూశాడు. లీటరు మొహం పాలిపోయింది.

“ఇసుక తడి... నా అంచనా తప్పిందేమో బావా” అన్నాడు చిన్న గొంతుతో.

మేస్త్రి అతనితో ఏమీ అనలేదు. బాబాయి వైపు తిరిగి, “నాదే పూచీ. పగలగొట్టి మళ్లీ పోస్తాను” అన్నాడు.

చెప్పెయ్యడానికి అదే సమయం. ‘ఆగు మేస్త్రీ, అది నేను’ అనడానికి నాలుగు మాటలు చాలు. కానీ కొట్లో అరడజను మంది ఉన్నారు. ఇప్పుడే వాళ్ల ముందు ఇల్లు పీకి పందిరి వేశాడు. ఆ నోటితోనే ఆ మాట ఎలా అనడం? బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“సరే” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది. “ఆ రోజు అక్కడ మీరేమైనా కెలికారా?”

“నేనా? నాకేం పని?”

“మీకు పనుండక్కర్లేదులెండి” అని ఆవిడ ఆయన మొహంలోకి ఓసారి చూసి, మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది. మళ్లీ అడగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణని ఆయన చాలా రోజులు భార్యనే తప్పుపట్టాడు. ఎంత చేతగానివాడికైనా తప్పుపట్టడానికి ఎవరో ఒకరు దొరుకుతారు.

మూల పగలగొట్టడానికి రెండు రోజులు, పొయ్యడానికి ఒక పూట పట్టింది. ఈసారి మిల్లరు దగ్గర మేస్త్రే నిలబడ్డాడు. పాపం, అలవాటు లేని పని. ప్రతి ట్రిప్పుకీ బస్తా కోసం ముందుకీ డ్రమ్ము కోసం వెనక్కీ పరిగెత్తుతూ, నడుం పట్టుకుంటూ, డబ్బాలో గీత కనపడక కళ్లజోడు తుడుచుకుంటూ తంటాలు పడ్డాడు.

“లీటరేడీ?” అన్నాడు బాబాయి, ఏమీ ఎరగనట్టు.

“మాన్పించాను. సొంత మనిషని చూసీచూడనట్టు ఊరుకుంటే, రేపు ఎవడి స్లాబు వాడి నెత్తిన పడుతుంది బాబాయ్.”

“ఒక్కసారి పొరపాటుకే...”

“నీళ్ల దగ్గర పొరపాటు లేదండీ. దాని కోసమేగా వాణ్ణి పెట్టుకున్నది.”

ఆ పూటంతా బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన జీవితంలో ఎదురుగా పని జరుగుతుంటే చెయ్యి పెట్టని రోజు అదొక్కటే. పనివాళ్లు, బాబాయికి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు.

కొత్త మూల రాయిలా కుదిరింది. ఓవెన్ తలుపు మెత్తగా పట్టింది, రొట్టెలు ఎప్పుడూ రానంత బాగా వచ్చాయి. జనం మెచ్చుకున్నారు. బాబాయికి మాత్రం ఆ రొట్టె ముక్క గొంతు దిగేది కాదు. ఎవరైనా “నేల భలే వచ్చింది, ఎవరు చేశారు?” అని అడిగితే మేస్త్రి పేరు చెప్పి, లేని పనేదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రి భార్య కొట్టుకి వచ్చింది. రొట్టె తీసుకుని కూడా కదల్లేదు. మిగతావాళ్లంతా వెళ్లేదాకా పక్కన నిలబడి, తర్వాత కౌంటరు దగ్గరికి వచ్చింది.

“బాబాయిగారూ, మీతో ఒక మాట చెప్పాలని. మా తమ్ముడి వల్ల మీకు చాలా ఇబ్బందైంది. వాడి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా.”

“అయ్యో, ఎంతమాటమ్మా” అన్నాడు బాబాయి. ఆ గొంతు తనదేనా అనిపించింది.

“మా ఆయన్ని కేకలేశారు గానీ వాణ్ణి మీరొక్క మాట కూడా అనలేదట. అది మీ పెద్దమనసు. కానీ ఇంట్లో ఆ ఇద్దరికీ మాటల్లేవండీ. ఎదురెదురు ఇళ్లు. నెలన్నరయింది వాడు మా గడప తొక్కి. భోజనానికి పిలిస్తే తలుపు వేసుకుంటాడు. ఎవరికని చెప్పను?” ఆవిడ కళ్లు తుడుచుకుని, “మీ దగ్గరెందుకు ఇదంతా, అడిగిపోదామని వచ్చా అంతే” అంది.

బాబాయి ఏం చెయ్యాలో తెలియక రెండు కేకు ముక్కలు పొట్లం కట్టి చేతికివ్వబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది. “మా వల్లే మీకు నష్టమైతే, మళ్లీ మీరు మాకు ఇవ్వడమేంటండీ, బాగుండదు” అని పొట్లం కౌంటరు మీదే పెట్టి వెళ్లిపోయింది.

బాబాయికి తల కొట్టేసినట్టయింది. కొట్టు సగం షట్టరు దించేసి, లోపల పిండి బస్తా మీద కూలబడ్డాడు. తెలియక చేశాను, తెలియక చేశాను అని మనసుకి నచ్చజెప్పుకోబోయాడు. ఇన్నాళ్లూ అలాగే గడుపుకొచ్చాడు. కానీ ఆ రోజు ఇంకో సంగతి గుర్తొచ్చింది. సందులో లీటరు చెప్పుల చప్పుడు వినపడ్డ ప్రతిసారీ తను బకెట్టు గబుక్కున కుళాయి కింద పెట్టేసి, పక్కకి జరిగి నిలబడ్డాడు. తప్పని తెలియనివాడు బకెట్టెందుకు దించేస్తాడు? పైగా ఆ మనిషి ఇసుక తడి అని అనుమానపడితే, అయ్యుండొచ్చని తనే వంత పాడాడు. ఒంటరిగా ఉన్నా ఆయనకి మొహం దాచుకోవాలనిపించింది. చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

లీటరు ఇప్పుడు పెద్ద మార్కెట్టు పక్క పార్కింగులో చీటీలు చింపి ఇస్తున్నాడని వాకబు చేస్తే తెలిసింది. బాబాయి మర్నాడు పొద్దున అక్కడికి నడుచుకుంటూ వెళ్లాడు. లీటరు స్టూలు మీంచి లేచి, “బండేది బాబాయ్?” అన్నాడు. బాబాయి అటూ ఇటూ చూసి, “బండి తేలేదు” అని, “ఊరికే ఇటొచ్చాను” అని, ఎండ గురించి రెండు మాటలు మాట్లాడి వెనక్కి వచ్చేశాడు. దారి పొడుగునా తనని తనే తిట్టుకున్నాడు. రెండో రోజు వెళ్లాడు. లీటరు ఈసారి బండి సంగతి అడగలేదు, స్టూలు ఇచ్చి కూర్చోమన్నాడు.

“ఇక్కడ నీకేం బాగుందిరా? ఇంకో మేస్త్రి దగ్గర చేరలేకపోయావా?”

“పిలిచారు బాబాయ్, ముగ్గురు పిలిచారు. నేనే వెళ్లలేదు.” లీటరు చీటీల పుస్తకం అంచులు సవరించుకున్నాడు. “చెయ్యి మీద నమ్మకం పోయింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ అలా కాలేదు. పల్చబడుతోందని చూశాను, నీళ్లు తగ్గించాను కూడా. అయినా అంత దెబ్బతిందంటే నాకు కలిపేది కళ్లకి కనపడ్డం లేదన్నమాట. మీదంటే నేల, బాగుచేశాం. రేపు స్లాబు పడిపోతే? కింద మనుషులుంటారు.”

బాబాయి స్టూలు మీంచి లేచాడు. కూర్చుని చెప్పే మాట కాదది.

“నేను పోశానురా” అన్నాడు.

“ఏం పోశారు?”

“నీళ్లు. నువ్వు బస్తాకి వెళ్లినప్పుడు. డ్రమ్ములో. గట్టిగా ఉందనిపించి.” ఆయన చీటీల పుస్తకం వంక చూశాడు. “ఒక బకెట్టు.”

ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. ఒప్పుకోవడానికే అంత దూరం వచ్చాడు. తీరా నోరు తెరిచాక నోరే ఆరుని ఒకటి చేసేసింది.

లీటరు కాసేపు ఆయన మొహంలోకి చూశాడు. కోపం రాలేదు. కళ్లు చిట్లించి, వేళ్లు ముడుస్తూ లెక్కేసుకున్నాడు. తర్వాత నిదానంగా తలూపాడు.

“ఒక బకెట్టయితే ఒక ట్రిప్పే చెడాలి బాబాయ్. గజం నేల, అంతే. పోయింది ఎనిమిదడుగుల మూల. అంటే ఆరు ట్రిప్పులు.” అతను పెద్దమనిషిని ఓదారుస్తున్నట్టు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. “మీరు మనసులో పెట్టుకోకండి. మీది ఒకటే, మిగతా అయిదూ నావే.”

బాబాయికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

“ఆరూ నావేరా” అన్నాడు. “ఆరు బకెట్లు పోశాను. నువ్వు వెళ్లిన ప్రతిసారీ పోశాను. నీ చెప్పుల చప్పుడు వినపడితే బకెట్టు దించేశాను. నువ్వు నీళ్లు తగ్గిస్తుంటే చూస్తూ నేను పెంచాను. మీ బావ నిన్ను చూసినప్పుడు నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.”

ఒక కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. హారన్ కొట్టింది. లీటరు వినిపించుకోలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి, వాటిని ఎవరివో అన్నట్టు తిరగేసి మరగేసి చూసుకున్నాడు.

“అయితే నా చెయ్యి బాగానే ఉందా?” అన్నాడు.

“బాగానే ఉందిరా.”

లీటరు స్టూలు మీద కూలబడి, చీటీల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కారాయన దిగి వచ్చి, ఇద్దరినీ చూసి, తనే గేటు తీసుకుని లోపలికి వెళ్లాడు. బాబాయి అతని భుజం మీద చెయ్యి వేయబోయి, ఆ చెయ్యికి అక్కడ హక్కు లేదనిపించి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి లీటరు మొహం తుడుచుకున్నాడు. లేచినప్పుడు అతని గొంతు మారిపోయింది. “నాకు చెప్పడం కాదు. మా ఇంట్లో చెప్పండి. మా అక్క ముందు చెప్పండి” అన్నాడు. ఆ మాటలో బాబాయ్ అన్న పిలుపు లేదు.

ఆదివారం మధ్యాహ్నం, మేస్త్రి ఇంట్లో ఉండే వేళ చూసుకుని బయల్దేరాడు. బయల్దేరేముందు భార్యకి చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పెట్టుకుని ఉండిపోయింది. “నేనూ రానా?” అని మాత్రం అడిగింది. వద్దన్నాడు.

మేస్త్రి ముందుగదిలో నేల మీద ప్లానుల కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. బాబాయిని చూసి లేచి, కుర్చీ మీది కొలత టేపులూ దారం ఉండలూ తీసేసి, తువ్వాలుతో దులిపాడు. “రండి రండి బాబాయ్, మీరే వచ్చారేంటి, కబురంపితే వచ్చేవాణ్ణి కదా. నేల మళ్లీ ఏమైనా...”

“నేల బాగుంది” అన్నాడు బాబాయి. కుర్చీలో కూర్చోలేదు.

మేస్త్రి భార్య లోపలినుంచి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఎదురింటి తలుపు తెరుచుకుని లీటరు వీధి దాటి వచ్చి, గడప అవతలే ఆగాడు. అక్క అతన్ని చూసి ముందుకు రాబోయి, అతని వాలకం చూసి ఆగిపోయింది.

బాబాయి చెప్పాడు. ఈసారి ఒక్కటీ తగ్గించలేదు. బకెట్టు ఎక్కడిదో, ఎన్నో ట్రిప్పు నుంచి మొదలో, ఎవరి చప్పుడు విని దించేశాడో, ఇసుక తడి అన్నప్పుడు ఏమన్నాడో, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల మీది ప్లానుల వంకే చూశాడు. ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు. 

మేస్త్రి తిడతాడని, కనీసం అరుస్తాడని బాబాయి సిద్ధపడి వచ్చాడు. తిడితే బాగుండేది. మేస్త్రి కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

“నేను వాణ్ణి అడగనైనా అడగలేదు” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “నువ్వు పోశావా అని ఒక్క మాట అడగలేదు. పద్ధతి, పద్ధతి అనుకున్నాను.”

మేస్త్రి భార్య గుమ్మం వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. “నేను మీ కొట్టుకి వచ్చిన రోజుకి మీకు తెలుసా బాబాయిగారూ?”

తెలియదనొచ్చు. ఆ తర్వాతే గుర్తొచ్చిందనొచ్చు. ఎవరు మాత్రం కాదనగలరు?

“తెలుసమ్మా” అన్నాడు.

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది, అంతే. బాబాయి జీవితంలో చాలామంది ఆయన మీద కోప్పడ్డారు గానీ, ఆయన్ని చూడలేక మొహం తిప్పుకున్నవాళ్లు అప్పటిదాకా లేరు.

మేస్త్రి లేచి గడప దాకా వెళ్లాడు. “రేపు ఆసుపత్రి స్లాబు మొదలుపెడుతున్నాంరా” అన్నాడు బావమరిదితో. “ఆరింటికి వ్యాను తీస్తాను. వస్తావా?”

ఇరవై ఏళ్లుగా వ్యానులో ముందుసీటు అతనిదేనట. మేస్త్రి ఎక్కకముందే ఎక్కి కూర్చునేవాడట. ఇప్పుడు అతను గడప అవతల నిలబడి, బావ మొహంలోకి చూడకుండా, కాలి చెప్పు సర్దుకున్నాడు.

“చూస్తాలే బావా” అన్నాడు.

అని, వీధి దాటి ఎదురింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అక్క వెనకే పరిగెత్తి వెళ్లి ఆ తలుపు కొట్టింది. మేస్త్రి గడప దగ్గరే ఉండిపోయాడు. రెండోసారి పిలవడానికి అతనికి నోరు రాలేదు. ఇదంతా తన నిర్వాకమే అని బాబాయికి తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలని, ఆ తలుపు దగ్గరికి తనే వెళ్లి ఏదో ఒకటి చెప్పాలని ఆయన ఒకడుగు వేశాడు.

మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరు ఇంటికి వెళ్లండి బాబాయ్” అన్నాడు. కోపంగా కూడా అనలేదు.